ఒక చేత్తో చుట్టే తెరచాప

సల్మాబాద్‌లో మా వర్క్‌షాపు అల్యూమినియం కిటికీలు చేస్తుంది. నేనక్కడ డ్రాయింగులు గీస్తాను. ఇంజనీరింగ్ చదివి కిటికీలు గీయడమేమిటని మా ఊళ్ళో ఎవరూ అడగరు. వాళ్ళ లెక్కలో నేను దుబాయిలో ఉన్నాను, అది చాలు. బహ్రెయిన్ అని చెప్పి చెప్పి నేనే మానేశాను.

మా ఫోర్‌మన్‌ది కాకినాడ వైపు. వయసులో పెద్దవాడు కాబట్టి అన్నా అనేవాణ్ణి. ఆయనకో చిన్న తెరచాప పడవ ఉండేది. దేశం వదిలిపోతున్న ఒక తెల్లాయన దగ్గర తీసుకున్నాడు. ఇక్కడ సెలవు శుక్రవారం కనుక, ఆ రోజు చర్చి ప్రార్థన, భోజనం అయ్యాక ఒక్కడే సముద్రంలోకి పోయి పొద్దుగూకేలోపు వచ్చేసేవాడు. అక్కడేం చేస్తావన్నా అంటే, "ఏం చెయ్యనురా. అదే కదా సుఖం," అనేవాడు.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే కోలుకుంది. కుడి చెయ్యి మాత్రం సగంలో ఆగిపోయింది. భుజం దాకా లేస్తుంది, వేళ్ళు దేన్నీ పట్టుకోవు. ఫోర్‌మన్ ఉద్యోగానికి చేతికన్నా గొంతు ముఖ్యం కనుక డ్యూటీకి ఢోకా రాలేదు.

ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక హాలులో తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ జరిగేది. నేను ఆ మతం వాణ్ణి కాను. అన్న కోసం వెళ్ళేవాణ్ణి, ప్రార్థన తర్వాత పెట్టే బిర్యానీ కోసం ఇంకా క్రమం తప్పకుండా వెళ్ళేవాణ్ణి. అన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళందరూ ఉపవాసాలుండి ప్రార్థించారు. అందుకని ఒక శుక్రవారం ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నారు. ఆయన లేచి స్తోత్రం చేస్తూ రెండు చేతులూ పైకెత్తాడు. కుడి చెయ్యి కూడా లేచింది. హాలంతా ఏడ్చింది. ఆ ఊపులో ఆయన నోటి వెంట, "దేవుడు నా చెయ్యి నాకు తిరిగిచ్చాడు" అని వచ్చేసింది. అంతమంది కళ్ళు తుడుచుకుంటుంటే, వేళ్ళింకా రాలేదండీ అని సవరణ ప్రవేశపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఆ తర్వాతి వారం పాస్టరుగారు ఆయన పక్కన కూర్చున్నారు. మంచాయన, నెమ్మదిగా మాట్లాడతారు. "బ్రదర్ గారూ, మన సండేస్కూల్ పిల్లలు మీ చేతి కోసం రోజూ ప్రార్థన చేశారండి. ఎండలు ముదరకముందే వాళ్ళని మీ పడవలో ఒక్క రౌండు తిప్పితే, కళ్ళారా చూసుకుంటారు."

"తప్పకుండానండి," అన్నాడు అన్న.

కారులో నేనాగలేకపోయాను. "అన్నా, పోరగాండ్లను ఎట్ల తీస్కపోతవ్? తాడు ఎవరు పడ్తరు?"

"దానికో మిషనుందిలేరా."

ఆ మిషను పేరు ఫర్లర్. పడవకు ముందొక తెరచాప ఉంటుంది. గాలి పెరిగితే దాన్ని దింపాలి. దింపాలంటే పడవ ముక్కు దాకా పాకిపోయి, రెండు చేతులతో లాగి, మీద పడుకుని అణచాలి. ఫర్లర్ బిగిస్తే ఆ పాకడం ఉండదు. చుక్కాని దగ్గరే కూర్చుని ఒక తాడు లాగితే ముక్కు దగ్గరున్న చక్రం తిరుగుతుంది, తెరచాప చాపలా చుట్టుకుపోతుంది. పెట్టె మీద బొమ్మలో ఒకాయన నవ్వుతూ ఒక్క చేత్తో లాగుతున్నాడు. రెండో చెయ్యి బొమ్మలో లేదు. ఆ సంగతి మేమిద్దరం పట్టించుకోలేదు.

బిగించడం ఏమంత కష్టం కాలేదు. వర్క్‌షాపు నుంచి ఇద్దరు భాయీలు వచ్చి, పడవ నడుమనున్న స్తంభాన్ని దింపి స్టూళ్ళ మీద పడుకోబెట్టారు. స్తంభం కొస నుంచి పడవ ముక్కుకి ఒక ఉక్కు తీగ ఉంటుంది. దాని మీదుగా పొడవాటి అల్యూమినియం గొట్టాలు ఒక్కొక్కటే తొడిగి, మరలు బిగించాం. గొట్టానికో గాడి ఉంది, మన కిటికీ ఫ్రేములో రబ్బరు కూర్చునే గాడి లాంటిదే. తెరచాప అంచు అందులో దూరాలి. ఆ అంచు కుట్టే పని కారు పార్కింగుకి నీడగుడ్డలు కుట్టే దర్జీకిచ్చాం. అన్న ఎడమ చేత్తో మరలు తిప్పాడు. కుడి చేతిని గొట్టం మీద బరువుగా పెట్టాడు, కాగితాల మీద రాయి పెట్టినట్టు.

"చూశావా, దీనికీ పని దొరికింది," అన్నాడు.

పిల్లల్ని ఎక్కించే ముందు ఒకసారి చూసుకుందామని ఇద్దరమే వెళ్ళాం. "నువ్వు దేన్నీ ముట్టుకోకు. సామాన్లాగా కూర్చో," అన్నాడు. సామాన్లాగే కూర్చున్నాను. ఆ పాత్రకు నాకు అర్హతలున్నాయి, ఈత కూడా రాదు.

గాలి మెల్లగా ఉన్నంతసేపూ ఆ మిషను పెళ్ళికొడుకులా ప్రవర్తించింది. ఎడమ చేత్తో లాగితే చుట్టుకుంది, వదిలితే విప్పుకుంది. అన్న ముఖంలో పెట్టె మీది నవ్వు. తర్వాత ఉత్తరం నుంచి గాలి లేచింది. అప్పుడు తెలిసింది, తెరచాప చుట్టేటప్పుడు దాని వెనక కొసకున్న తాడుని ఇంకో చేత్తో బిగువుగా పట్టుకుని కొద్దికొద్దిగా వదలాలి. మొత్తం వదిలేస్తే గుడ్డ తుపాకీ పేలినట్టు కొట్టుకుంటుంది, సరిగ్గా చుట్టుకోదు. బొమ్మలోని పెద్దమనిషి రెండో చెయ్యి ఆ తాడు మీద ఉందన్నమాట.

అన్న ఒక్క క్షణం ఆలోచించి ఆ తాడుని కుడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకున్నాడు. నేను లేవబోతే, "కూర్చో!" అని అరిచాడు. ఎడమ చేత్తో లాగడం మొదలుపెట్టాడు. గాలి ఒక్కసారి తెరచాపను నింపింది. తాడు ఆయన చేతిని ముందుకు గుంజింది, దాని వెంట ఆయన్నీ గుంజింది. మోకాళ్ళ మీద పడ్డాడు. చుక్కాని వదిలేసిన పడవ తనకు తోచినవైపు తిరిగింది. నేను ఆయన చొక్కా ఒక చేత్తో, తాడు ఒక చేత్తో పట్టుకున్నాను. ఎలాగో చుట్టేశాం.

మణికట్టు చుట్టూ తోలు లేచిపోయింది. ఆయన దానికేసి ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు. ఆ చేతికి నొప్పి కూడా ఆలస్యంగానే తెలుస్తుంది.

ఒడ్డుకొస్తున్నప్పుడన్నాడు. "ఆ రోజు నువ్వు కూడా ఎక్కరా. వెనకాల తాడు నువ్వు పట్టుకో. పిల్లలకేం తెలుస్తుంది?"

"ఎక్కుత. కానీ ఒక్క పోరడు నీళ్ళల్ల పడితే ఎవరు దుంకాలె అన్నా? నీకు చెయ్యి లేదు, నాకు ఈత లేదు."

ఆయన మణికట్టుకు నా చేతిరుమాలు కట్టించుకున్నాడు, అంతే.

శుక్రవారం హాల్లో, ఎవరూ పిలవకుండానే లేచి నిలబడ్డాడు. "మొన్న నేను చెప్పిన సాక్ష్యం సగమే నిజమండి. చెయ్యి లేస్తుంది, పట్టుకోదు. పిల్లల్ని నేను ఎక్కించుకోలేను. క్షమించండి." చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఒకటుంటే అక్కడెవరికీ తెలీదు. వెనక వరసలో ఒకాయన అలవాటుకొద్దీ "ఆమే..." అని, చివరి "న్" మింగేశాడు. పాస్టరుగారు ముందుకొచ్చి అన్న భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు. ఆ పూట పాట పాడకుండానే అందరూ బిర్యానీకి లేచారు.

బిర్యానీ వరసలో ఒక పెద్దాయన అన్న భార్య, మా వదిన దగ్గరికొచ్చాడు. "సిస్టర్ గారూ, విశ్వాసంలో ఎక్కడన్నా లోటు జరిగిందేమో చూసుకోండి."

వదిన ప్లేటు కింద పెట్టలేదు. "లోటు వేళ్ళల్లో ఉందండి. రోజూ చొక్కా బొత్తాలు పెట్టేదాన్ని, నాకు తెలుసు."

పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళారు. వాళ్ళు బాగానే ఆడుకున్నారట. ఫెలోషిప్‌లో ఎవరూ అన్నని ఒక్క మాట అనలేదు. చేతులు కలిపేవాళ్ళు మాత్రం కాస్త దూరం నుంచే వందనాలనడం మొదలుపెట్టారు. ఆయన చేతికి శ్రమ తగ్గిందనుకోవాలి.

పడవ అమ్మెయ్యమని నేను చెప్పలేదు, ఆయనా అనలేదు. శుక్రవారం భోజనాలయ్యాక ఇప్పటికీ హార్బరుకెళ్తాడు. పడవను ఒడ్డుకి కట్టిన తాడు విప్పడు. గాలి లేని రోజు చూసుకుని చుక్కాని దగ్గర కూర్చుని తెరచాప విప్పుతాడు, చుడతాడు, మళ్ళీ విప్పుతాడు. కట్టేసిన పడవలో అది ఒక్క చేత్తోనే చక్కగా చుట్టుకుంటుంది.