ఎండ తిన్న ఎర్ర దుపట్టా

మధ్యాహ్నం తీగ మీద ఆరేసిన ఎర్ర దుపట్టా పొద్దువాలే సరికి మచ్చలు మచ్చలుగా తెల్లబడింది. "నీళ్ల రంగు తియ్యమంటే దుపట్టా రంగు తీసినవేంది సారూ?" అన్నాడు రంగుల చాచా. సారంటే మా బావ. ఆయన దగ్గర జవాబుంది గానీ, చెప్పాలంటే ఒక నల్లబల్ల కావాలి.

పత్రికలో కొత్తగా చేరిన ఆ కాలంలో, ముందు శీర్షిక దొరికితే వార్త దాని వెనకే నడిచొస్తుందని నా నమ్మకం. శంషాబాద్‌లో ఒక గల్లీ చివర చాచాకి అద్దకం షెడ్డు ఉండేది. ఏ రోజు ఏ రంగు అద్దితే ఆ రోజు రోడ్డు మీద ఆ రంగు కాలువ. గల్లీవాళ్లు ఫిర్యాదు చేస్తే మున్సిపాలిటీవాళ్లు వచ్చి, గడువులోగా నీళ్లు తేటగా రాకపోతే షెడ్డుకు తాళమేనని చెప్పిపోయారు. రాజేంద్రనగర్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పే మా బావ (ఇంట్లో పాలు పొంగినా కారణం వివరించే రకం) అప్పుడొక పొడి తయారుచేస్తున్నాడు. ఎండ తగిలితే రంగును విరగ్గొట్టే పదార్థానికి, అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఆక్సైడును జతచేసిన పొడి. "ఒకటి పని చేస్తుందండీ, రెండోది దాన్ని ఇంటికి తీసుకొస్తుంది" అని చాచాకి చెప్పాడు.

తొట్టెడు ఎర్రనీళ్లలో పొడి కలిపి ఎండలో పెట్టాం. నెత్తి మీంచి విమానాలు దిగుతూనే ఉన్నాయి, మేం తల ఎత్తలేదు. ఎరుపు గులాబీ అయింది, గులాబీ పోయింది, పొడి అడుక్కి దిగింది. "మాషాల్లా! మంచినీళ్ల లెక్క అయినయ్ జూడు" అన్నాడు చాచా. నేను శీర్షిక కూడా కట్టేశాను (‘రంగులు మింగిన సూర్యుడు’). బావ కారులో మరిచిపోయిన అయస్కాంతం కోసం వెళ్లాడు.

అది ఎండాకాలం. ట్యాంకరు నీళ్లతో బతికే గల్లీలో తేటనీళ్లను చూస్తూ ఊరుకునేవారెవరు? చాచా భార్య, చాచీ, అప్పుడే అద్దిన దుపట్టా తెచ్చి ఆ తొట్లో జాడించి, పిండి, తీగ మీద వేసింది. బావ తిరిగొచ్చి అయస్కాంతంతో నల్లటి పొడి లాగుతుంటే అందరి కళ్లూ తొట్టి మీదే. "వేసినంత రావడం లేదేమిటి?" అని ఆయన గొణుక్కున్నాడు. మిగతా పొడి కొంత తీగ మీద ఎండలో కూర్చుని, తనకు వచ్చిన పని తాను చేసుకుపోతోంది. పనికిరాని రంగేదో, చాచీ ముచ్చటపడి అద్దిన రంగేదో దానికేం తెలుసు!

సంగతి అర్థమయ్యాక చాచీ దుపట్టా మడతపెట్టి, "పోనియ్ సారూ, దుపట్టా మల్ల అద్దుకుంట. షెడ్డుకు తాళం పడదు గద?" అంది.

"నీళ్లలో మిగలకుండా పొడి మొత్తం తిరిగి వస్తే పడదండీ."

"గట్లయితే జల్ది రప్పియ్యి!"

సూర్యుడి శీర్షిక అచ్చుకాలేదు. ‘నీళ్లలో మిగిలిన పొడి సంగతేంటి?’ అని అడిగి డెస్కువాళ్లు వార్తను వెనక్కి పంపారు. ఎయిర్‌పోర్టు వైపు వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ ఆ గల్లీలో ఆగుతాను. శీర్షిక జోలికి మాత్రం ముందుగా పోను. మున్సిపాలిటీవాళ్లు గడువు పొడిగిస్తున్నారు, బావ అయస్కాంతం పెద్దదవుతోంది, నీళ్లు తేటగానే వస్తున్నాయి. వేసిన పొడి మాత్రం, ఈ రోజుకీ, వేసినంత తిరిగి రావడం లేదు.