నేను చూపించిన లీడర్

ఉద్యమం రోజుల నుంచి ఒక జోకు నా గుండెల మీద కూర్చుని ఉంది. ఎన్నేళ్లయినా దిగదు. మీకొక్కరికే చెబుతున్నాను, నవ్వకండి. ఆ రోజు నవ్వినవాళ్లు చాలు.

కోరుట్ల రోడ్డు మీద రాస్తారోకో చేస్తే పోలీసులు మమ్మల్ని వ్యానెక్కించారు. అరెస్టంటే మాకు పిక్నిక్. పొద్దున నినాదాలు, సాయంత్రం సంతకం, తర్వాత ఇల్లు. ఆగిన బస్సు దిగి నిలబడ్డ ఒక పెద్దాయన కూడా మాతో ఇరుక్కున్నాడు. సిరిసిల్లలో మరమగ్గం నడుపుతాడట. వ్యానులో తన వాడ పేరు చెప్పాడు. మగ్గాల మోతకు చెవులు పోయాయి. మేమేం అడిగినా నవ్వుతాడు.

"బస్సు అద్దం పలగ్గొట్టిందెవడ్రా? మీ లీడరెవడు?" అన్నాడు స్టేషన్లో ఎస్సై.

"గాయనే సార్," అని పెద్దాయన్ని చూపించాను. "శాన పెద్ద లీడర్. గందుకే మాట్లాడతలేడు."

అందరూ నవ్వారు. మేం నవ్వుతున్నామని ఆయనా నవ్వి తలూపాడు.

"అద్దం పలగ్గొట్టి నవ్వుతున్నవా?" అన్నాడు ఎస్సై ఆయనతో.

ఈసారి ఆయనొక్కడే నవ్వాడు.

సాయంత్రం మమ్మల్ని వదిలేసి, ఆయన్ని జగిత్యాల అవతల ఏదో జైలుకు పంపారు. చలికాలం. కొద్దిమందికి కట్టిన గదుల్లో ఊళ్లకు ఊళ్లే కూర్చున్న రోజులు. దుప్పట్లకు నిధులు రాలేదు, ఇంటి నుంచి తెప్పించుకోండి అనేవారట. ఆయన ఇంటికి కబురు చెప్పేదెవరు? వాడ పేరు నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే నువ్వెవరంటారు, ఏం జరిగిందంటారు, అలా అలా రాయి దాకా వస్తారు. ఎందుకంటే ఆ అద్దం మీద పడ్డ రాయి నాది. అది జోకేనా అసలు? లేక భయమే జోకు వేషం వేసుకుని వచ్చిందా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

కొన్ని నెలలకు సిరిసిల్లలో ఒక చాయ్ కొట్టు దగ్గర కనిపించాడు. జైల్లో పట్టిన దగ్గు వదల్లేదు. మగ్గం ముందు నిలబడలేక పని మానేశాడు. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"మనమొక్క వ్యాన్ల పోయినోళ్లమే గద కొడుకా! చాయ్ తాగు."

తాగాను. గ్లాసు కింద పెట్టాను.

"రాయి ఏసింది నేనే కాకా," అన్నాను, మెల్లగా. వినపడదని తెలిసే అన్నాను.

ఆయన నవ్వి తలూపాడు.

వినపడే మనిషికి చెప్పడం ఇదే మొదలు.