ఆవిడ చదివితే నేను దిద్దేదాన్ని

అచ్చుతప్పు కనపడితే నాకు ఒళ్లు మండుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు ఆగినప్పుడల్లా ఎదురుగా ఉన్న ఫ్లెక్సీల్లో ఒత్తులు ఎగిరిపోయిన అక్షరాలు, అక్కర్లేని చోట సాగదీసిన దీర్ఘాలు చూసి పక్క సీటు వాళ్లకు వినపడేలా గొణుగుతాను. మా ఆయన నాతో కలిసి పెళ్లిళ్లకు రావడం ఎప్పుడో మానేశారు. శుభలేఖ చేతికి రాగానే నేను పెన్ను కోసం సంచిలో వెతుకుతానని ఆయన ఫిర్యాదు. ఇదేమీ గొప్ప కాదు, ఒక రకం రోగమే అనుకోండి. కాకపోతే ఆ రోగమే ఇన్నేళ్లుగా నాకు కూడు పెడుతోంది.

గాంధీనగర్‌లో ఒక పుస్తకాల ప్రచురణ ఆఫీసులో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. కింద ప్రింటింగు మిషను, పైన మాకో చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, వేడిగాలిని అటు నుంచి ఇటు తోసే ఒక ఫ్యాను. బల్లకు అటువైపు అక్క కూర్చుంటుంది. సొంత అక్క కాదు. వించిపేటలో ఉండే ముస్లింల ఇంటి మనిషి, నాకంటే బాగా పెద్దది. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే ఆ కుర్చీ ఆవిడది. నాకు యాభై దాటాక కూడా ‘అమ్మాయ్’ అనే పిలిచేది.

మా పని ఎలా ఉండేదంటే, రచయిత చేత్తో రాసిన కాగితాలు అక్క దగ్గర ఉండేవి. కంప్యూటర్లో కొట్టి తీసిన ప్రూఫు నా ముందు ఉండేది. ఆవిడ పైకి చదివేది, నేను వింటూ, చూస్తూ ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. కామా వస్తే కామా అని, వాక్యం అయిపోతే చుక్క అని అదే గొంతుతో చదువుకుంటూ పోయేది. స, శ, ష ఆవిడ నోట్లో మూడు వేర్వేరు చోట్ల పుట్టేవి. ల ఏదో ళ ఏదో తలెత్తి అడగాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. కొత్త రచయితలు మెట్లెక్కుతూ ఆ గొంతు విని, లోపల రేడియో పెట్టుకున్నామనుకునేవాళ్లు. తమ రాత ఆవిడ నోట విన్నాక, ఇంత బాగా రాసింది మనమేనా అని వాళ్లకే అనుమానం వచ్చేది. ఆ అనుమానం సరైనదేనని నేను మొహం మీదే చెప్పేదాన్ని.

“నీ కళ్లల్లో అత్తగారు కూర్చుందమ్మాయ్. ఎవరేం చేసినా వంకే” అని అక్క నన్ను ఆటపట్టించేది.

నిరుడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆవిడ చదువుతుంటే ఒక ళ మెత్తగా జారిపోయింది. “ల నా, ళ నా అక్కా?” అని అడిగాను. అడిగాక నాకే వింతగా అనిపించింది. పన్ను కదులుతోందని చెప్పింది. ఆ వారమే వెళ్లి పీకించుకుంది. పన్ను పోయింది గాని మాట మాత్రం బాగుపడలేదు. ట వచ్చిన చోట త లాంటిది వచ్చేది. ర అసలు పలికేదే కాదు. టీ తాగుతుంటే పెదవి మూల నుంచి కారుతున్న సంగతి ఆవిడకు తెలిసేది కాదు, నేను చూడనట్టు ప్రూఫులోకి తల దూర్చేదాన్ని. దూర్చి ఏం లాభం, ఆవిడ గొంతే కదా నా చెవిలో పడేది.

బెంజ్ సర్కిల్ దగ్గర నరాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన ఆవిణ్ణి నాలుక బయటికి పెట్టమన్నారు, బుగ్గలు పూరించమన్నారు, కొన్ని మాటలు తన వెనకే అనమన్నారు. చిన్నపిల్లలా ఆవిడ అన్నీ చేసింది. పరీక్షలన్నీ అయ్యాక ఇంకో రోజు పిలిచి, నాలుకకు, గొంతుకు వెళ్లే నరాలు ఒక్కొక్కటే చచ్చుబడుతున్నాయని చెప్పారు. మందులతో కాస్త నెమ్మది చేయొచ్చు, పోయింది మాత్రం వెనక్కి తేలేమన్నారు.

“అసలు పొరపాటు ఎక్కడ జరిగిందండీ?” అని అడిగాను నేను.

“ఎవరి పొరపాటూ కాదమ్మా. కొంతమందికి ఇలా వస్తుందంతే” అన్నారు ఆయన.

నాకు ఆ జవాబు మింగుడు పడలేదు. నా లెక్కలో ప్రతి తప్పుకూ ఒక మనిషి ఉంటాడు. రాసినవాడో, టైపు కొట్టినవాడో, చూసీ వదిలేసినవాడో. తిట్టడానికి ఒక్క మనిషి కూడా లేని తప్పును ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. ఆటోలో వస్తూ నేను ఏడుస్తుంటే అక్క నా మోకాలి మీద చెయ్యి వేసి ఏదో అంది. రెండోసారి అంటే గాని అర్థం కాలేదు. ఆ కంకిపాడాయన పుస్తకం అయ్యేదాకా తనే చదువుతానంటోంది.

కంకిపాడాయన ఒక రైతు. తన చిన్నప్పటి సంగతులన్నీ లావుపాటి కట్టగా రాసి, గుడ్డసంచిలో పెట్టుకుని తెచ్చారు. కామాలు లేవు, చుక్కలు లేవు, నోటికొచ్చినట్టు రాసుకుంటూ పోయారు. నాకు పిచ్చెక్కింది. అక్కకు మాత్రం ఆ పుస్తకం ఎంతో నచ్చింది. పసుపు కల్లాలూ కాలవగట్లూ తప్ప అందులో ఏముందని నేనంటే, “నువ్వు దిద్దుకో అమ్మాయ్, నన్ను విననీ” అనేది. చదివేదీ తనే, వినేదీ తనే.

మా ఇల్లు గుణదలలో. మా ఇంట్లో ఎవరూ కొండ మీద మేరీమాతకు మొక్కరు గాని, నేను ఎవరికీ చెప్పకుండా వెళ్లి కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. అక్క మెడలోకి దర్గా నుంచి తాయెత్తు వచ్చింది. మాటలు నేర్పే థెరపీ అమ్మాయి దగ్గరికి వారం వారం వెళ్లాం. ఆ నేర్పే పిల్ల పలికే తెలుగు కంటే పాడైపోయిన మా అక్క తెలుగే నయమని నాకు కోపం వచ్చేది. ఏం చేసినా వారానికో అక్షరం పోతూనే ఉంది.

ఒకరోజు మా ఓనరు గారు నన్ను కిందికి పిలిచారు. మంచి మనిషి. నా మొహం చూడకుండా కాగితాలు సర్దుతూ మాట్లాడారు.

“ఇక పైకి చదవడం ఎందుకమ్మా. మీరొక్కరే చూసేయండి. అంత అనుభవం ఉందిగా.”

“ఒక్కళ్లం చూస్తే తప్పులు దొరుకుతాయండీ. టైపు చేసేటప్పుడు ఎగిరిపోయిన లైను దొరకదు. పైదీ కిందదీ అతుక్కుపోయి చక్కగానే ఉంటాయి. లేనిదాన్ని కన్నెట్లా పట్టుకుంటుందండీ, అది చెవితో పట్టుకోవాల్సిందే.”

“నాకు తెలీదా అమ్మా. ఆవిణ్ణి మానేయమని నేనట్లేదు. ఆవిడ అట్లా అవస్థ పడుతుంటే మెట్ల కింద కూర్చుని వినలేకపోతున్నాను” అన్నారు.

నేను పైకి వచ్చి ప్రూఫు ముందుకు లాక్కున్నాను. అక్క కాగితం తీసి మొదలుపెట్టింది.

అప్పటికి ఆవిడ చదివేదాంట్లో నాకు సగం కూడా తెలిసేది కాదు. ఎదురుగా ప్రూఫు ఉంది కాబట్టి కళ్లు ముందుకు పోతుండేవి, చెవి వాటి వెనకాలే ఈడ్చుకుంటూ వచ్చేది. పేజీ అయ్యాక ఆవిడ నా వైపు చూసి కళ్లెగరేసేది. వినపడుతోందా అని.

“వినపడుతోందక్కా” అనేదాన్ని.

ఇంకేమనాలి? మెడ నరాలు ఉబ్బేలా ఒక్కో మాటా బయటికి తోస్తున్న మనిషితో, మీరు చదివింది నాకు తెలియట్లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఊళ్లో ఫ్లెక్సీలన్నిటికీ వంకలు పెట్టే నోరు ఇది.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. గేదెను అమ్మే అధ్యాయం నడుస్తోంది. వాళ్ల నాన్న అప్పు తీర్చడానికి గేదెను సంతకు తోలుకెళ్లి అమ్మేసి, రాత్రికి ఉత్త పలుపుతాడు పట్టుకుని ఇంటికి వస్తాడు. తర్వాతి వాక్యంలో పిల్లవాడు బడికి పోతాడు. నా ముందున్న ప్రూఫులో అలాగే ఉంది. నేను దాన్ని చూడకుండా ఆవిడ నోటి వైపు చూస్తున్నాను.

ఆవిడ ఆగింది. ప్రూఫు మీద కదలకుండా ఉన్న నా పెన్ను వైపు చూసింది. మళ్లీ వెనక్కి వెళ్లి, చదివిందే ఇంకోసారి, ఇంకా నెమ్మదిగా చదివింది. నేను తల ఊపాను. బాగానే ఉందన్నట్టు, సాగించండి అన్నట్టు ఊపాను.

అక్క కాగితాలు బల్ల మీద పెట్టింది. నా ముందున్న ప్రూఫును తన వైపు తిప్పుకుని, గేదె దగ్గర వేలు పెట్టి కిందికి జరిపింది. వేలు ఒకచోట ఆగిపోయింది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, రెండు వాక్యాల మధ్య చేర్పు గుర్తు పెట్టి, పక్కన గుండ్రటి అక్షరాలతో ఎగిరిపోయిన లైను రాసింది. ‘ఆ తర్వాత మా అమ్మ ఎవరింట్లోనూ పాలు తాగలేదు.’

ఆ లైనే ఆవిడ నాకు రెండుసార్లు చదివింది. ఫ్యాను ఆగి ఉంది, కింద మిషను ఆగి ఉంది, చప్పుడు వల్ల వినపడలేదని చెప్పుకోవడానికి కూడా నాకు లేదు. ఆవిడ మొహంలో కోపమేమీ లేదు. కోప్పడితే బాగుండునని నేను ఆశపడ్డాను. తర్వాత రాతప్రతి కట్టను రెండు చేతులతోనూ నా వైపు నెట్టింది. ప్రూఫునూ పెన్నునూ తన దగ్గరే ఉంచుకుంది.

“నాకు మీలా చదవడం రాదక్కా” అన్నాను.

చదవమని చెయ్యి చూపించింది.

మొదలుపెట్టాను. నా గొంతు ఆ గదిలో దొంగ గొంతులా ఉంది. మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఏడుపు అడ్డం పడి మాటలు ముద్దయిపోయాయి, నేను చదువుతున్నది నాకే అర్థం కాలేదు. ఆగిపోయాను. అక్క తలెత్తకుండా ప్రూఫు అంచున ఏదో రాసి నా వైపు తిప్పింది. ఏ తప్పు దొరికిందోనని కళ్లు తుడుచుకుని చూశాను.

‘నాకు బాగానే వినపడుతోంది. చదువు’ అని ఉంది.