శుక్రవారం ఎదకొచ్చే ఆవు

మునిరత్నం నాయుడికి పంచాంగం ఒకటి ఉంటే చాలు, బుర్రతో పని లేదు. ఐరాల పక్క పల్లెలో పదెకరాల చెరుకు, నాలుగు పశువులు, ఊరంత నోరు. చెరుకు నాటే రోజు కూడా వానను చూసి కాదు, తిథి చూసి తేల్చేవాడు. 1978లో నేను ఆ పల్లెకు పశువుల కాంపౌండరుగా వెళ్లాను. ఆయన ఘనకార్యాలన్నీ రాయాలంటే కాగితాలు చాలవు గానీ, నేను రాయబోయేది ఆయన గురించి కాదు. ఆయన కొట్టంలో పేడ ఎత్తే కుప్పమ్మ గురించి.

కుప్పమ్మకు మొగుడు లేడు, చదువు లేదు, సొంతానికి ఒక మేకైనా లేదు. నాయుడి కొట్టంలో ఉన్న ఎర్రావును దూడప్పటి నుంచీ సాకింది ఆమే. ఆ చాకిరీకి బదులు ఆవు ఈనే మొదటి దూడ ఆమెదేనని నాయుడు నలుగురి ముందూ మాటిచ్చాడు. ఆమె ఆశంతా ఆ దూడ మీదే.

ఎదకొచ్చిన ఆవు మేత సరిగా ముట్టదు, ఊరికే అరుస్తుంది, పక్క పశువుల మీద కాళ్లు వేస్తుంది, వెనక నుంచి గాజులాంటి తీగ జారుతుంది. ఈ ఎద ఒక పూటో, రెండు పూటలో నిలుస్తుంది. అది తీరాక కాసేపటికి అండం విడుదలవుతుంది. దాని ఆయుష్షు కొన్ని గంటలే. ఆలోగా వీర్యం అందితే చూలు నిలుస్తుంది, లేదంటే ఇంకో ఇరవై ఒక్క రోజులు ఆగాలి. అందుకే పొద్దున ఎద కనబడితే సాయంత్రానికల్లా 'ఎద్దుసూది' వేయించాలి. పేరుకు సూది గానీ, నేను చేసేది ఐసు ఫ్లాస్కులో వచ్చిన జెర్సీ ఎద్దు వీర్యాన్ని సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి పంపడం. ఇదంతా నాయుడికి పదిసార్లు చెప్పాను. గోడకు చెప్పినా పెచ్చు ఊడేది.

ఆయన ఆవును తోలుకొచ్చేది ఎప్పుడూ శనివారమే. అప్పటికి ఎద తీరిపోయి, అది నింపాదిగా నెమరేస్తూ నిలబడేది. ఆయన పోరు పడలేక సూది వేసి పంపినా చూలు నిలిచేది కాదు.

"నిన్ననే ఎందుకు తోలుకురాలేదయ్యా?"

"నిన్న శుక్రవారం గదప్పా! లచ్చిమిని గడప దాటిస్తారా యాడన్నా?"

"పోనీ, నేనే మీ కొట్టానికొస్తా."

"శుక్రవారం పూట నా కొట్టంలో ఆ పనా? నోరు కడుక్కో పో!"

ఐదుసార్లు ఇదే వరస. ఐదోసారి ఆయన కోపం ఆవు మీదికి తిరిగింది. "ఇది గొడ్డుటావప్పా. నీ సూదిలోనూ సత్తువ లేదు. వచ్చే నెల సంతలో కటికోళ్లకు తోలేస్తా" అని తేల్చేశాడు. తన తప్పుకు ఆవు గొడ్డుదైంది, నేను చేతగానివాణ్ణయ్యాను.

మర్నాడే కుప్పమ్మ ఏడ్చి ఉబ్బిన కళ్లతో ఆసుపత్రికి వచ్చింది. "కాంపౌండరయ్యా, గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుంటా వచ్చినా. ఇది ఎప్పుడు ఎదకొచ్చినా శుక్రవారమే వస్తా ఉండాది. ఇరవయ్యొక్క దినాలంటే సరిగ్గా మూడు వారాలు గదా? శుక్రవారం నుంచి లెక్కబెడితే మళ్లా శుక్రవారమే గదా వచ్చేది? ఆయన జన్మలో ఈ ఆవును చూలు కానియ్యడు!"

సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్న నాకు ఆ చిన్న లెక్క తట్టలేదు. సిగ్గేసింది.

"మరేం చేద్దాం?" అన్నాను.

"శుక్రవారం గడప దాటగూడదు, అంతే గదా? గురువారమే దాటిస్తే?"

మళ్లీ ఎద రావాల్సిన శుక్రవారానికి ముందురోజు, గురువారం సందెవేళ, తన పెరట్లో పచ్చి జొన్న ఉందని చెప్పి, ఆవును గుడిసెకు తోలుకుపోయింది. మేత కలిసొస్తుందని నాయుడు సంబరంగా పంపాడు. శుక్రవారం పొద్దున ఆవు అరిచింది. సాయంత్రం నేను ఫ్లాస్కు సైకిలుకు కట్టుకుని వెళ్లాను.

ఆసారి తన కొట్టంలో ఎద కనబడకపోయేసరికి నాయుడు సంత మాట మానుకున్నాడు. మూడో నెలలో చెయ్యి పెట్టి చూస్తే చూలు నిలిచింది. నాయుడు మీసం దువ్వాడు. "సూసినావా, నా శుక్రవారం పూజ మహిమ!" నేను నిజం చెప్పబోతే కుప్పమ్మ కంటిసైగతో ఆపేసింది.

ఆవుకు తొమ్మిది నెలల పది రోజులు చూలు, అంటే దాదాపు నలభై వారాలు. రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతుంది. కుప్పమ్మ మళ్లీ గీతలు లెక్కబెట్టుకుంది. ఆఖరి గురువారం ఆవు తోక మొదలు జారి, పొదుగు బిగిసింది. "ఈనేదాకా పక్కన మనిషుండాల, నా గుడిసెలో కట్టేసుకుంటా" అంటే నాయుడు సరేనన్నాడు. తనకు కాపలా తప్పింది కదా!

తెల్లవారాక ఈనింది. ఎర్రటి పెయ్యదూడ, నుదుట తెల్లబొట్టు. కబురందగానే నాయుడు కుంకుమ భరిణెతో సహా ఊడిపడ్డాడు. దూడను చూడగానే ఆయన కళ్లు మారాయి.

"శుక్రవారం పుట్టిన పెయ్య! సాచ్చాత్తూ లచ్చిమి! ఇది నా ఇంట్లోనే ఉండాల. నీకు రెండో ఈత దూడనిస్తాలే. రెండిటినీ ఇప్పుడే తోలుకపోతా."

కుప్పమ్మ ఇన్నేళ్ల చాకిరీ ఆ ఒక్క మాటతో పోయేటట్టుంది. నాకు ఒళ్లు మండి ఏదో అనబోయాను. ఆమె దూడను తుడుస్తున్న గోనెపట్టా కింద పడేసి లేచింది. గుడిసె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"శుక్రవారం గదయ్యా! లచ్చిమిని గడప దాటిస్తారా యాడన్నా?"

దూడను చూడ్డానికి వచ్చిన అమ్మలక్కలు నవ్వు ఆపుకోలేకపోయారు. నాయుడు భరిణె మూత తీస్తాడు, పెడతాడు.

"నేను చెప్పింది... నా గడప సంగతి."

"నాదీ గడపే గదయ్యా. రేపు శనివారం, ఆవు మీది, తోలుకపోండి. దూడ నాది. నలుగురి ముందు మాటిచ్చినారు. ఆ నలుగురూ ఈడనే ఉండారు, అడగండి."

ఆయన ఎవరినీ అడగలేదు. వర్జ్యం మొదలవుతోందని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

రెండేళ్లకు ఆ పెయ్య ఎదకొచ్చింది. కుప్పమ్మ పొద్దున్నే నాకు కబురుపెట్టింది. ఆ రోజు ఏ వారమో ఇద్దరం చూసుకోలేదు.