బడి గురించి మమ్మల్ని అడిగిన రోజు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పెద్ద తోడికోడలు. పొద్దున తులసికుండీలో నీళ్ళు పోసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ లోపలికి వస్తున్నాను. ఆవిడ చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి, "సెల్లీ, బడి బోర్డు దించీసినారు" అంది. కాస్త ఆగి, "తాళ్ళు కట్టి మెల్లగానే దించినార్లే" అని కూడా అంది, మెల్లగా దించితే మనకు నొప్పి తగ్గుతుందన్నట్టు. ఆ మాట అంటూనే గుమ్మం మీద కూలబడిపోయింది. ఆడది గుమ్మం మీద కూర్చోకూడదని నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నేర్పింది ఆవిడే. అలాంటి మనిషి అక్కడే కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, లేవమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. పక్కన నేనూ కూర్చున్నాను.

ఆ బడి ఈ బెంగాలీ ఊళ్ళో, రేవు పక్కన మా గార్డెన్ రీచ్ సందులో, మా ఇంటి గోడకి ఆనుకునే ఉంటుంది. ఐదు నుంచి ఎనిమిది దాకా తెలుగులో చెప్పే సర్కారు మిడిల్ స్కూలు. రేవులో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా మామగారి తరం వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న బడి అది. నేను మాత్రం ఏ బడికీ వెళ్ళలేదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, పద్యాలు, ఎక్కాలు నేర్పారు. చదువు వచ్చిందిగానీ, బడి ఎలా ఉంటుందో తెలియలేదు. పెళ్ళయి వచ్చాక ఆ గోడ దొరికింది. వంటింట్లో నేను కూర తరుగుతుంటే అవతల ఐదో తరగతి వాళ్ళు ఎక్కాలు అప్పజెప్పేవారు. తప్పు చెబితే నేనిక్కడ సరిదిద్దేదాన్ని, వాళ్ళకి వినిపించకపోయినా. స్వామి నాకు బడికి వెళ్ళే యోగం రాసిపెట్టలేదుగానీ, బడినే ఇంటి పక్కకి పంపించాడని దండం పెట్టుకునేదాన్ని.

అయితే నాకున్నంత భక్తి మా పేటలో ఇంకెవరికీ లేదు. కుళాయి దగ్గర బిందె నిండేలోపల ఆ బడిని తిట్టని ఆడమనిషి ఉండేది కాదు. ఆరో తరగతి కప్పు కారేది. గట్టి వాన పడితే ఆరో తరగతి పిల్లలు వెళ్ళి ఏడో తరగతిలో ఇరుక్కునేవారు. "ఏటి బడే అది? లోపలా గొడుగే, బయటా గొడుగే" అనేది ఒకావిడ. లెక్కల మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. "మా గుంటడు భాగారాలు మర్సిపోనాడు. నలుగురికి జంతికలు పంచమన్నా పంచలేడు" అని మా తోడికోడలు నిష్ఠూరమాడితే, "పంచడం మీ ఇంట్లో ఎవలికొచ్చుగాన?" అని వెనక నుంచి ఇంకొకావిడ అంటించేది. బిందెలు పక్కన పెట్టి మరీ నవ్వుకునేవాళ్ళం. అంత తిట్టినవాళ్ళే పదిన్నరకి పిల్లలకు తలలు దువ్వి, రిబ్బన్లు కట్టి, అదే బడికి పంపేవారు.

పిల్లల అభిప్రాయం వేరేగా ఉండేది. మా అమ్మాయి అక్కడ ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో ఒకసారి అడిగాను, మీ బడి ఎలా ఉంటుందే అని. "బాగుంటాదమ్మా. సైన్సు టీచరు బాగా సెప్తారు. మధ్యాన్నం పెట్టే ఖిచుడీలో ఉప్పుండదు, అంతే" అంది. నాకు సంతోషం వేసింది. అది అక్కడితో ఆగకుండా, "ట్యూషన్లో ఏ స్కూలని అడిగితే మాత్రం పేరు సెప్పను" అంది. ఎందుకే అంటే, "నవ్వుతారమ్మా" అంది. ఆ పిల్లలందరికీ బడి మీద ప్రేమ ఉంది. వీధిలో బెంగాలీ పిల్లల మధ్య నిలబడినప్పుడు ఆ ప్రేమని జేబులో దాచుకునేవారు. వాళ్ళు బెంగాలీ వీధిలోనే నేర్చుకున్నారు, గాలిపటాలు ఎగరేస్తూ, అంగడికి వెళ్తూ. మా ఇళ్ళల్లో పుట్టిన ఏ పిల్లకీ ఆ భాషతో ఇబ్బంది లేదు.

ఒక్క పిల్లకి తప్ప. ఆ పిల్ల నా మేనకోడలు. మా ఆడపడుచు శ్రీకాకుళం దగ్గర పల్లెలోనే ఉండేది, ఆవిడ భర్త, నేను అన్నయ్యా అని పిలిచే ఆయన, ఇక్కడ రేవులో క్రేను కింద పని చేసేవాడు. ఆవిడ జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. అన్నయ్య వెళ్ళి, కార్యం ముగించి, పిల్లని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏడో తరగతిలో చేర్చాం. ఎన్నో వారాలు ఆ పిల్ల నోట మాట లేదు. అన్నం పెడితే తినేది, పిలిస్తే వచ్చేది, అంతే. ఒకరోజు నేను పప్పు ఎసట్లో వేస్తుండగా గోడ అవతల నుంచి పాఠం చదువుతున్న గొంతు వినిపించింది. ముందు తడుముకుంటూ, తర్వాత గట్టిగా. అది మా పిల్ల గొంతే. గరిటె పక్కన పెట్టి ఆ గోడ మీద అరచెయ్యి ఆన్చి నిలబడిపోయాను. ఆ సాయంత్రం అది తనంతట తానే నా దగ్గర కూర్చుని, "అత్తా, బళ్ళో మాటలన్నీ మా అమ్మ మాటల్లాగుంటాయి" అంది. ఆ బడి గురించి నేను విన్న అభిప్రాయాలన్నిటిలోకీ నాకు అదే పెద్దది. ఆ పిల్లని రోజూ నిలబెట్టి చదివించిన పెద్ద టీచరమ్మకి ఎన్ని దండాలు పెట్టినా నా రుణం తీరదు.

దుర్గాపూజకి ముందు, ఇంకా వానలు పడుతుండగా, బడి చూడటానికి ఒక ఆఫీసరుగారు వస్తున్నారని తెలిసింది. పిల్లలు తగ్గిపోయారు కాబట్టి ఈ బడిని ఉంచాలా, పెద్ద రోడ్డు అవతలి బెంగాలీ బడిలో కలిపెయ్యాలా అని తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ అడిగి తెలుసుకుంటారట. పేటంతా గుండెలు చేత్తో పట్టుకుంది. రోజూ తిట్టిన నోళ్ళే "మన బడికి ఏటవుద్దో" అని వణికాయి. కుళాయి దగ్గర పెద్ద ఆలోచన జరిగింది. మన పిల్లలు ఎవరికీ తీసిపోరని చూపిస్తే బడి మంచిదని ఆయనకే తెలుస్తుంది, మంచి బడిని ఎవరు మూస్తారు అని తేల్చారు. మా పేటలో తరాల నుంచి వస్తున్న అలవాటొకటి ఉంది. రేషను అంగడైనా, ఆసుపత్రైనా, పోలీసు ఠాణా అయినా, కుర్చీలో కూర్చున్న బాబు ఎదుటికి వెళ్ళేటప్పుడు తెలుగును చెప్పుల్లాగా బయట విడిచి వెళ్తాం. అదే మాకు తెలిసిన మర్యాద. అందుకని ఆయన వచ్చేలోపల ఉన్న నాలుగు రోజులూ ఇంటింటా పిల్లలు తల్లులకి బెంగాలీ మాటలు దిద్దారు.

ఆయన వచ్చారు. మెత్తని మనిషి. గొడుగు మడిచి మూల నిలబెట్టి, అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నారు. తల్లులు మొహమాటం లేకుండా చెప్పాలని టీచర్లను వరండాలో ఉండమన్నారు. "ఎవరికైనా కష్టమైతే మీ భాషలోనే చెప్పండి, టీచరుగారిని పిలిచి అర్థం చెప్పించుకుంటాను" అని బెంగాలీలోనే ఎంతో నిదానంగా అన్నారు. మా తోడికోడలు లేచి, "నా నా దాదా, దరకార్ నేయ్" అంది, అక్కర్లేదని. అందరం గర్వంగా నవ్వాం. తర్వాత ఒకరి వెనక ఒకరు లేచారు. బడి ఎలా ఉంది అంటే, ఖూబ్ భాలో, చాలా బాగుంది. ఇబ్బందులున్నాయా అంటే, ఏమీ లేవు. కారే కప్పు లేదు, ఖాళీ కుర్చీ లేదు, ఉప్పులేని ఖిచుడీ లేదు. పిల్లలైతే బెంగాలీ పద్యాలు చేతులు తిప్పుతూ చెప్పారు. ఆయన ముఖం విచ్చుకుంటుంటే మా ముఖాలూ విచ్చుకున్నాయి.

వరుసలో నా మేనకోడలి వంతు వచ్చింది. నీకు ఈ బడి ఎలా ఉంటుందమ్మా అని ఆయన బెంగాలీలో అడిగారు. దానికి అర్థం కాలేదు. మళ్ళీ అడిగారు. అది ఆయన్ని చూసి, మమ్మల్ని చూసి, గౌను అంచు పట్టుకుంది. నలుగురిలో పిల్ల చిన్నబోతుందని మా తోడికోడలి ప్రాణం ఆగలేదు. దాన్ని దగ్గరికి లాక్కుని, తల నిమురుతూ, "దీనికి సిగ్గెక్కువ దాదా. బడంటే దీనికి ప్రాణం. అన్నీ అర్థమవుతాయి, ఇంట్లో గలగలా మాట్లాడతాది" అని చక్కని బెంగాలీలో చెప్పేసింది. నేను లేచేసరికి ఆయన పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ప్రేమతో కప్పిన కొంగు కింద, ఆ బడి కావలసిన ఒకే ఒక్క పిల్ల ఆయనకి కనబడకుండా పోయింది.

ఆయన వెళ్ళిపోతుంటే వానలో గేటు దాకా వెంటపడ్డాను. ఊపిరి ఆడక, వచ్చిన బెంగాలీలో, "బాబూ, ఆ పిల్లకి మీ భాష ఒక్క ముక్క రాదు" అన్నాను. ఆయన గొడుగు నా మీదికి పట్టి, నవ్వి, పిన్నిని పిలిచినట్టు, "నేర్చుకుంటుంది మాషిమా. ఇంతమంది నేర్చుకోలేదా? ఇంత బాగా మాట్లాడే పిల్లలకి వేరే బడెందుకు, పెద్ద బడిలోకి వస్తే వాళ్ళకే మంచిది" అన్నారు. ఆయన మాటలో కపటం లేదు. వానలో తడుస్తున్న ముసలిదానికి గొడుగు పట్టిన మనిషిని నేనెలా తిట్టను? ఆయన్ని చల్లగా చూడమనే ఈనాటికీ స్వామిని కోరుకుంటాను.

లోపలికి వచ్చి చెబితే పెద్ద టీచరమ్మ కుర్చీలో కూర్చుండిపోయారు. "తెలుగు బడి కావాలని తెలుగులో ఒక్కరైనా అడగలేదా అమ్మా?" అన్నారు. పూజ సెలవులయ్యాక ఆవిడా, మా తోడికోడలూ, నేనూ, ఇంకొందరు తల్లులూ బస్సెక్కి ఆ ఆఫీసుకి వెళ్ళాం. పిల్లనీ తీసుకెళ్ళాం. ఆఫీసరుగారు వేరే చోటికి మారిపోయారట. ఉన్న గుమాస్తా మంచినీళ్ళిచ్చి, "మీరే కదా చెప్పారు, ఏ ఇబ్బందీ లేదని? అభిప్రాయం మళ్ళీ మళ్ళీ తీసుకోరు మాషిమా" అన్నాడు. మా తోడికోడలు ఆ బల్ల ముందు చేతులు జోడించి, బెంగాలీ అంతా మరిచిపోయి, "నాను అబద్ధం సెప్పినాను బాబూ, ఈ గుంట కోసం అబద్ధం సెప్పినాను" అని తెలుగులో ఏడ్చింది. అతనికి ఆ మాటలు తెలియలేదు. మా అందరి నోటా తెలుగు వచ్చింది ఆ రోజే. వినవలసినవాళ్ళు అప్పటికి లేచి వెళ్ళిపోయారు.

జనవరిలో బడి మూసేశారు, పిల్లలందరూ రోడ్డు దాటారు. మిగతావాళ్ళు కలిసిపోయారు, దేవుడి దయ. నా మేనకోడలు రోజూ ఏడవకుండా వెళ్ళి, ఏడవకుండా వచ్చేది. ఒకరోజు సంచీ దించి, "అక్కడ నాను మూగిదాన్నయిపోనానత్తా" అంది. వేసవి వచ్చేసరికి వెళ్ళడం మానేసింది. నా దగ్గర ఉంచెయ్యి అన్నయ్యా, నేను చదివిస్తాను అని అడిగాను. ఆయన చెడ్డవాడు కాడు. తల దించుకుని, "నువ్వు సదివిస్తావు సెల్లమ్మా, సర్టిఫికెట్ ఎవలిస్తారు? అది నేకుండా రేపు ఈ గుంట ఏటి సేస్తాది? సేతిలో పనైనా ఉండాల కదా" అన్నాడు. ఇంట్లో చదువుకున్న నాకే సర్టిఫికెట్ లేదు. ఇప్పుడది పొద్దున్నే ఆటోలో మెటియాబ్రుజ్ వెళ్తుంది. కుట్టుపని చేయించే ఒక మేస్త్రీ ఇంట్లో ఫ్రాకులకి మిగిలిన దారాలు కత్తిరిస్తుంది. ఆ ఇంటావిడ వేళకి అన్నం పెడుతుందట, ఆ తల్లి చేతికి కూడా నా దండం. ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది. పుస్తకం తీస్తాం. మొన్న చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగి, "ఇది మా టీచరమ్మ ఎలగ పలికీవోరత్తా?" అని అడిగింది. చెప్పాను. నేను పలికినట్టు పలికిందిగానీ, అది కాదని దాని ముఖంలో కనబడింది.

బోర్డు దించిన రోజు గుమ్మం మీద కూర్చుని మా తోడికోడలు ఒకటే మాట అంది, "ఆ గుంటని నోరిప్పనిస్తే సరిపోయీదే". ఆవిడ చేతిలో చెయ్యి వేసి అక్కడే కూర్చున్నాను. మీకు మాత్రం ఒక మనవి చేసుకుంటాను. మీ పిల్లలు సంచీ భుజాన వేసుకుని వెళ్ళొస్తామని చెప్పే వేళ, నా మేనకోడల్ని ఒక్కసారి తలుచుకోండి. పేరు రాయలేదు, ఆడపిల్ల కదా. "తల్లి లేని ఏడో తరగతి పిల్ల" అనుకోండి, పైవాడికి అర్థమవుతుంది. బడి ఇంకొకటి ఎవరైనా ఎప్పుడైనా తెరవొచ్చు, ఆ ఆశ నేను వదులుకోలేదు. కానీ వాళ్ళు తెరిచేదాకా ఆ పిల్ల పదమూడేళ్ళ దగ్గర ఆగి ఉండదు.