అమ్మ ఎంచిన బొమ్మల బైబిలు

నా చిన్నతనంలో ఒక ఆదివారం సిద్దిపేటలో చర్చి బయటి పుస్తకాల బల్ల దగ్గర అమ్మ నాకోసం బైబిలు కథల పుస్తకం ఎంచిందన్నది కచ్చితం, పక్కనే ఉన్నాను. తన చిన్నప్పుడు చేర్యాలలో ఆమె పటం మీది బొమ్మలు చూపిస్తూ కథ చెప్పేవాళ్ల వెంట తిరిగేదన్నది మాత్రం చిన్నమ్మ ఈమధ్య చెప్పగా విన్నది.

నిన్న మా పాపకు అలాంటి పుస్తకమే కొంటుంటే కొత్త అచ్చువాసనకు ఆ ఆదివారం గుర్తొచ్చింది.

అమ్మకు చదవడం రాదు. పేజీ నిండా నోవహు ఓడ ఉన్న, అక్షరాలు దాదాపు లేని పుస్తకాన్ని ఆమె రెండు చేతులా పట్టుకుంది.

“గది అంగన్‌వాడీ పిల్లలదే అమ్మా! నాకు సదువొస్తది,” అన్నాను.

“బొమ్మలున్నయి గద బిడ్డా, నేనే చెప్త.”

“నువ్వేం చెప్తవ్? నేనే సదివి నీకు చెప్త!”

పుస్తకాలాయన పకపకా నవ్వాడు. “నీ బిడ్డ పంతులమ్మయితదమ్మా!”

అమ్మ కూడా నవ్వి, దాన్ని బల్లమీద పెట్టేసి, నేను చూపిన అక్షరాల పుస్తకం కొన్నది. ఆ నవ్వు గర్వమేనని ఏ ఆధారమూ లేకుండా తేల్చేసుకున్నాను.

ఆమె చెప్పివుంటే ఆ కథ ఎలా ఉండేదో నాకిప్పటికీ తెలియదు. నేను చదువుతుంటే ఆమె ఊ కొడుతూ ఉండేది. ‘నువ్వు చెప్పమ్మా’ అని నేనెన్నడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.