తుపాకీ తుడిచే యేసేపు

మా పత్తి జిన్నింగు మిల్లు కాపలాదారు యేసేపుకు తుపాకీ అంటే చచ్చేంత భయం. ఈ మాట ఆదోనిలో ఎవరికి చెప్పినా నవ్వుతారు. పటాలంలో పనిచేసి వచ్చినవాడు, గుబురు మీసాలవాడు, భుజాన రైఫిలు లేనిదే గేటు దగ్గర కనిపించడు. ఏళ్ల తరబడి కాటా దగ్గర కూర్చుని చూస్తున్నాను కనుక నాకు తెలుసు. పటాలంలో వాడి పక్కవాడు గొట్టంలో తుడుపుగుడ్డ మరిచిపోయి కాల్చాడట. గొట్టం పగిలి సగం ముఖం పోయిందట.

ఆ భయమంతా తుడవడంలో చూపించేవాడు. ఇనుప కడ్డీ ముట్టడు, లోపలి గాడులు గీసుకుపోతాయని. కడ్డీ ఇత్తడిదే, బ్రష్షు తీగలూ ఇత్తడివే. మసి వదలడానికి కిరసనాయిలు వాడేవాడు. అది దొరకడం మానేశాక రంగుల అంగట్లో టర్పెంటైను తెచ్చుకున్నాడు. చివర్లో కుట్టుమిషను నూనె ఒక్క పలచని పూత. గుడ్డ మాత్రం పీచు రాలని మగ్గం గుడ్డ కావాలని, బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి నేతగాడు ఈరప్ప దగ్గర ముక్కలు ఏరుకొచ్చేవాడు. కొబ్బరినూనె చాలదా అని ఒకసారి అన్నాను. జిడ్డు గట్టి మనల్నే చంపుతుందని నా మీద గయ్యిమన్నాడు. ఏం మనిషో!

రైఫిలు లైసెన్సు మిల్లు యజమాని రంగనాయకులు శెట్టిది. ఆయుధపూజ నాడు శెట్టి ఇంటివాళ్లు మరలకు, కాటాకు, లారీకి, రైఫిలుకు బొట్లు పెట్టి, ప్రతిదాని మీదా ఆ ఏటి కొత్తపత్తి కొంచెం ఉంచుతారు. మర్నాడు పొద్దున శెట్టి ఎమ్మిగనూరు దారిలోని పాడుబడ్డ క్వారీలో ఒక్క తూటా పేలుస్తాడు. అది చట్టం ఒప్పే పనేనా అని అడిగే దమ్ము మాకెవరికీ లేదు. పేల్చే ముందు యేసేపు గొట్టం తుడిచి ఇవ్వడం వాడుక.

నిరుడు వాడు గొట్టంతో పాటు బొట్టు కూడా తుడిచేసిన వారానికే మిల్లులో పత్తికి నిప్పంటుకుంది. తప్పంతా ఆ తుడుపుదే అని శెట్టి తేల్చేశాడు. ఈసారి పూజగదిలోంచి రైఫిలును తనే తెచ్చుకుని, దాని మీద చెయ్యి వేస్తే పని మానుకోవలసిందేనని యేసేపుకు చెప్పాడు. వాడి ముఖం తెల్లబోయింది.

జీపులో ముగ్గురం పోయాం. యేసేపు దారంతా గొణుగుతూ ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. ఒక్కసారి గొట్టంలోకి చూడనివ్వమని వాడు రెండుసార్లు బతిమాలాడు. శెట్టి వినలేదు.

క్వారీలో శెట్టి తూటా ఎక్కించి, రైఫిలు భుజానికి ఆనించాడు. నేను చెవులు మూసుకున్నాను. అప్పుడు యేసేపు అడ్డంగా ఉరికి, తన అరచేతిని తుపాకీ నోటికి పెట్టేశాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"చెయ్యి తియ్యి రా. వేలు మీట మీదుంది," అన్నాడు శెట్టి.

"తియ్యను సామీ. కాలిస్తే నా చెయ్యే పోనీ."

వాడి కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. శెట్టి బిత్తరపోయి రైఫిలు దించాడు. యేసేపు దాన్ని లాక్కుని తూటా తీసేసి, గొట్టాన్ని ఎండకు ఎత్తి చూశాడు. వెలుతురు రాలేదు. జీపులోంచి ఇత్తడి కడ్డీ తెచ్చి వెనకనుంచి పొడిచాడు. గట్టిగా దట్టించిన పత్తిముద్ద ఒకటి, కుంకుమ అంటుకుని, బయటికొచ్చి రాళ్ల మీద పడింది. శెట్టి కొత్తకోడలు భవ్యశ్రీ, పత్తి పైన పెడితే గాలికి ఎగిరిపోతోందని, అగరుబత్తి పుల్లతో లోపలికి తోసిందని తర్వాత తెలిసింది. ఆ పిల్లకేం తెలుసు పాపం.

శెట్టి ఉన్నచోటే కూలబడ్డాడు. ఒకచేత్తో చెంప తడుముకుంటూనే ఉన్నాడు, ఉందో లేదో చూసుకుంటున్నట్టు. అలాగే అడిగాడు.

"లోపల ఉండేది నీకు తెలుసునా యేసేపూ?"

"తెల్దు సామీ," అన్నాడు వాడు. "భయమేసినాది, అంతే."